తెలుగు పద్యం – ముద్రిత పుట: గ్రాఫిక్ డిజైన్ సూత్రాల అనువర్తనం, పరిమితులు

వ్యాససంగ్రహం:

ప్రాచీన కావ్యాల పరిష్కరణలో పాఠనిర్ణయానికి ఉన్న ప్రాధాన్యం పుట విన్యాసానికి లభించలేదు. పద్యాన్ని ఎన్ని పంక్తులుగా విరవాలి, ఎక్కడ నుండి మొదలుపెట్టాలి, వ్యాఖ్యను మూలానికి ఎంత దగ్గరగా నిలపాలి అన్న నిర్ణయాలు సాధారణంగా అక్షరాలు కూర్చేవారికే వదిలివేయబడుతున్నాయి. సామీప్యం, సమరేఖనం, ఆవృత్తి, భేదం అనే నాలుగు గ్రాఫిక్ డిజైన్ సూత్రాలను తెలుగు పద్యకావ్య ముద్రణకు అన్వయించి, అవి ఎక్కడ ఉపకరిస్తాయో, తెలుగు లిపి స్వభావం, ఛందస్సు కారణంగా ఎక్కడ సవరణ కోరుతాయో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. పుట విన్యాసం అలంకారం కాదనీ, అది పరిష్కరణలో ఒక భాగమనీ ఈ పరిశీలన ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పుట విన్యాసం, పద్య ముద్రణ, పరిష్కరణ, సమరేఖనం, ప్రాస, సీసం, వ్యాఖ్యాన ప్రతులు, డి.టి.పి.

1. ఉపోద్ఘాతం:

ముద్రిత పుటను శాస్త్రీయంగా చూసే దృష్టి ఇరవయ్యో శతాబ్దంలో బలపడింది. దగ్గరగా ఉన్న వస్తువులను కన్ను ఒకే సముదాయంగా గ్రహిస్తుందని మాక్స్ వెర్ట్‌హైమర్ 1923లో వివరించాడు. యాన్ షికోల్డ్ 1928లో వెలువరించిన ‘నూతన టైపోగ్రఫీ’ గ్రంథంలో మధ్యకు చేర్చిన సంప్రదాయ విన్యాసాన్ని తిరస్కరించి, అర్థానుసారమైన అసౌష్ఠవ విన్యాసాన్ని సమర్థించాడు. తరువాతి కాలంలో ఆయనే ఆ వాదంలోని కాఠిన్యాన్ని సడలించుకొని, పెంగ్విన్ పుస్తకాల రూపకల్పనలో సంప్రదాయ పద్ధతులకు చోటిచ్చాడు. ఈ విషయాలను సామాన్య పాఠకులకు చేరువచేసిన రాబిన్ విలియమ్స్ 1994 నాటి తన పుస్తకంలో వాటిని నాలుగు సూత్రాలుగా కుదించింది. సంబంధం ఉన్నవి దగ్గర ఉండాలి (సామీప్యం). ప్రతిదీ మరొకదానితో ఒక రేఖలో కుదరాలి (సమరేఖనం). ఒకే రకమైన అంశాలు ఒకే రూపంలో మళ్లీ మళ్లీ రావాలి (ఆవృత్తి). వేరైనవి స్పష్టంగా వేరుగా కనిపించాలి (భేదం).

ఈ సూత్రాలు దృష్టి స్వభావం మీద ఆధారపడినవి కనుక ఏ లిపికైనా వర్తిస్తాయి. వాటిని అమలుచేసే కొలతలు మాత్రం రోమన్ లిపి అనుభవం నుండి వచ్చాయి. పుట కూర్పు సాఫ్ట్‌వేర్‌లలో ముందే అమర్చిన విలువలు కూడా ఆ లిపికి చెందినవే. తెలుగు పద్యాన్ని ఆ విలువలకు అప్పగించినప్పుడు లిపికి, ఛందస్సుకు, అర్థానికి కలిగే నష్టాన్ని గుర్తించడం ప్రస్తుత అవసరం.

2. తాళపత్రం నుండి ముద్రిత పుటకు:

తాళపత్రం వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ గల రాతతలం. లేఖకుడు పదాల మధ్య ఎడం లేకుండా, పాదాంతంలో పంక్తి మార్చకుండా, ఆకు చివర వరకు రాసుకుపోయేవాడు. పద్యం ఎక్కడ ఆరంభమవుతుందో ‘క.’, ‘సీ.’, ‘ఉ.’ వంటి పొడి అక్షరాలు చెప్పేవి. పాదాలను విడదీసే పని చదువరి చెవిది. గణం, యతి, ప్రాస తెలిసినవాడు విరుపును వినగలిగేవాడు గనుక చూడవలసిన అవసరం ఉండేది కాదు.

ముద్రణ ఈ స్థితిని మార్చింది. 1746లో జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ క్రైస్తవ మత గ్రంథాలను తెలుగులో అచ్చువేయించాడు. 1814లో శ్రీరామపురంలో విలియం కేరీ వ్యాకరణం, 1816లో మద్రాసులో కాంప్‌బెల్ వ్యాకరణం వెలువడ్డాయి. సి.పి.బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రకటించాడు. బ్రౌన్ పండితులను నియమించి తాళపత్ర ప్రతులను కాగితంపైకి ఎత్తి రాయించడం, పాఠాలను సరిచూపించడం, జూలూరి అప్పయ్య వంటి పండితులచేత వ్యాఖ్యలు రాయించడం సాహిత్య చరిత్రలో ప్రసిద్ధమే. ఆ తరువాత వావిళ్ల వంటి సంస్థలు కావ్యాలను సామాన్య పాఠకుల ఇళ్లకు చేర్చాయి.

ఈ పరిణామంలో కొత్తగా వచ్చినవి పదాల మధ్య ఎడం, పాదానికొక పంక్తి, పద్యానికొక సంఖ్య, పుటకొక అంచు జాగా. ఇవి చూడటానికి యాంత్రికమైన మార్పులే గాని, ప్రతి ఒక్కటీ అర్థనిర్ణయమే. ‘నాకలవరమే’ అన్న అక్షరాల వరుసను ‘నా కలవరమే’ అని విడదీస్తే మనోవ్యాకులత, ‘నా కల వరమే’ అని విడదీస్తే ఫలించిన స్వప్నం. తాళపత్రం ఈ రెండింటినీ ఒకేసారి మోయగలదు. ముద్రిత పుట ఒకదాన్ని ఎన్నుకోక తప్పదు. ఖాళీ జాగా కూడా పాఠంలో అంతర్భాగమేనని దీనివల్ల స్పష్టమవుతుంది.

అక్షరం ఉండే చోటుకు అర్థం ఉంటుందన్న భావన తెలుగు సాహిత్యానికి పరాయిది కాదు. చక్రబంధం, నాగబంధం, ఖడ్గబంధం వంటి చిత్రకవిత్వ రూపాల్లో అక్షరస్థానమే చమత్కారానికి మూలం. అయితే బంధాన్ని పటంగా గీసి చూపే శ్రద్ధ సాధారణ కంద వృత్తాల విన్యాసం వరకు రాలేదు.

3. లిపి స్వభావం – కొలతల సమస్య:

3.1 పంక్తుల మధ్య జాగా: రోమన్ అక్షరాలకు పంక్తి ఎత్తు అక్షర పరిమాణంలో 120 శాతం ఉండాలన్నది సాఫ్ట్‌వేర్‌లలో సాధారణంగా కనిపించే విలువ. తెలుగు అక్షరం మూడు అంతస్తుల నిర్మాణం. నడుమ హల్లు, పైన తలకట్టు లేదా గుడి, ఎత్వం వంటి గుర్తులు, కింద వత్తులు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి పదాల్లో రెండు వత్తులకు చోటు కావాలి. పై పంక్తిలోని ‘ష్ట్ర’ కింద తరువాతి పంక్తిలోని ‘కీ’ వస్తే వత్తు, గుడిదీర్ఘం ఒకదానినొకటి తాకుతాయి. సంస్కృత సమాసాలు నిండిన ప్రబంధ పద్యాల్లో ఈ తాకిడి అరుదు కాదు. ఫాంటును బట్టి అక్షరాల ఎత్తులు మారుతాయి కనుక అన్నింటికీ చెల్లే ఒకే సంఖ్యను నిర్ణయించడం కుదరదు. జంట వత్తులున్న పంక్తి కింద గుడిదీర్ఘాలున్న పంక్తిని పెట్టి చూసి, ఆ రెండూ తాకని కనిష్ఠ దూరానికి మరికొంత చేర్చడం నమ్మదగిన పద్ధతి.

3.2 భేదం: రోమన్ లిపిలో పెద్ద అక్షరాలు, వాలు అక్షరాలు, ముద్ద అక్షరాలు అనే మూడు సాధనాలు భేదాన్ని సూచిస్తాయి. తెలుగులో పెద్ద అక్షరాలు లేవు. వాలు అక్షరాలు లిపి సంప్రదాయంలో పుట్టినవి కావు. యంత్రం పక్కకు వంచిన అక్షరాలను పద్యానికి వాడితే గుండ్రని తెలుగు రూపం కుంగిపోతుంది. ముద్ద అక్షరాలకు మరో ప్రమాదం ఉంది. ‘ద’, ‘ధ’ల మధ్య భేదం అడుగున ఉన్న చిన్న గీత. ‘ధ’, ‘థ’ల మధ్య భేదం లోపలి చుక్క. గీతలు లావెక్కిన కొద్దీ ఈ చిన్న గుర్తులు పూడుకుపోతాయి. శీర్షికలో అది సహ్యమే గాని, కొత్త పదాలను నేర్చుకుంటున్న విద్యార్థికి పద్యమంతా ముద్ద అక్షరాల్లో ఇవ్వడం వర్ణదోషాన్ని చేతికివ్వడమే. తెలుగు పుటలో భేదాన్ని సాధించవలసిన ప్రధాన సాధనాలు పరిమాణం, ఖాళీ జాగా. ముద్దతనం పరిమితంగా, పదస్థాయిలో మాత్రమే ఉపకరిస్తుంది.

4. సమరేఖనం – ఛందోరూపం:

పద్యాన్ని పుట మధ్యకు చేర్చి అచ్చువేయడం డి.టి.పి. కాలంలో విరివిగా కనిపించే అలవాటు. ఒక్క మీటతో సాధ్యమయ్యే ఈ అమరిక చూపుకు గంభీరంగా ఉంటుంది. కాని పొట్టి పాదం లోపలికి, పొడవు పాదం బయటికి జరిగి, నాలుగు పాదాల ఆరంభాలు నాలుగు చోట్ల పడతాయి. తెలుగు పద్యంలో దీనివల్ల పోయేది ప్రాస. వృత్తాల్లో, కందంలో పాదంలో రెండవ అక్షరమైన ప్రాస నాలుగు పాదాల్లోనూ ఒకే హల్లుగా ఉండాలి. పాదాలు ఎడమవైపు ఒకే రేఖ నుండి మొదలైతే ఆ హల్లు ఒకదాని కింద ఒకటిగా దాదాపు ఒక నిలువు వరుసలో కనిపిస్తుంది. అక్షరాల వెడల్పులు సమానం కాకపోయినా కన్ను దాన్ని పట్టుకోగలదు. మధ్యకు చేర్చిన పద్యంలో ఆ వరుస చెదిరిపోతుంది. వినికిడి సంస్కారం సన్నగిల్లిన నేటి పాఠకుడికి ప్రాసను పరిచయం చేయగల కంటిదారి అలా మూసుకుపోతుంది.

పద్యం ముందు వేసే ‘ఉ.’, ‘క.’ గుర్తులు కూడా ఇటువంటి చిక్కునే తెస్తాయి. గుర్తును మొదటి పాదంతో కలిపి వేస్తే మొదటి పాదం కుడికి జరిగి, దాని ప్రాసాక్షరం మిగిలిన మూడింటి నుండి తప్పుకుంటుంది. గుర్తును పద్యపు ఎడమ రేఖకు బయట, అంచు జాగాలో వేలాడదీయడం దీనికి పరిష్కారం. పద్యసంఖ్యను చివరి పాదం కుడివైపున స్థిరంగా ఉంచితే ఆవృత్తి సూత్రం కూడా నెరవేరుతుంది.

4.1 కందం: కందంలో 1, 3 పాదాలకు మూడేసి గణాలు, 2, 4 పాదాలకు అయిదేసి గణాలు. అంటే 12, 20 మాత్రల పాదాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. జాగా కలిసివస్తుందని కందాన్ని రెండు పంక్తుల్లో వేసే పద్ధతి ఉంది. అందులో పూర్వార్ధం, ఉత్తరార్ధం స్పష్టమవుతాయి గాని, రెండు, నాలుగు పాదాల ప్రాస పంక్తి నడుమ మునిగిపోతుంది. నాలుగు పంక్తుల్లో వేస్తే ప్రాసతో పాటు చిన్న పాదం, పెద్ద పాదం అనే ఊపిరి కూడా కనిపిస్తుంది. బోధన ప్రతులకు నాలుగు పంక్తుల విన్యాసమే యోగ్యం.

4.2 వృత్తం: ఉత్పలమాలకు పాదానికి 20, చంపకమాలకు 21, శార్దూలానికి 19, మత్తేభానికి 20 అక్షరాలు. క్రౌన్ 1/8 వంటి చిన్న పుటలో పెద్ద అక్షరాలతో కూర్చితే పాదం ఒక పంక్తిలో ఇమడకపోవచ్చు. మిగిలిన రెండు మూడు అక్షరాలు కింది పంక్తిలో ఎడమ రేఖ నుండే మొదలైతే అది కొత్త పాదమన్న భ్రమ కలుగుతుంది. అక్షర పరిమాణాన్ని తగ్గించడం మొదటి మార్గం. అది చాలనప్పుడు మిగులును కుడి అంచుకు చేర్చడం రెండవ మార్గం.

పాదాంత విరుపుది మరో సమస్య. తెలుగు వృత్తాల్లో పాదంతో పాటే పదం ముగియాలన్న నియమం లేదు. కందంలోనైతే ‘రాజకుమారుడు’ అన్న పదంలో ‘రాజకు’ ఒక పాదం చివర, ‘మారుడు’ తరువాతి పాదం మొదట పడవచ్చు. రెండవ పంక్తిని విడిగా చూసినవాడికి ‘మారుడు’ మన్మథుడవుతాడు. పాదాంతంలో చిన్న అడ్డగీత ఉంటే ఈ పొరపాటు తొలగుతుంది. ఆ గీతను ఒక ప్రతిలో కొన్ని పద్యాలకు పెట్టి కొన్నింటికి వదిలివేయడం, అసలు పెట్టకపోవడం కన్నా ఎక్కువ అయోమయానికి దారితీస్తుంది.

యతిస్థానంలో ఎడం ఇచ్చి చూపాలన్న ఆలోచన ఆకర్షణీయమైనదే. అయితే సంస్కృతంలో యతి విరామం, తెలుగులో యతి అక్షరమైత్రి. ఉత్పలమాలలో పదవ అక్షరం మొదటి అక్షరంతో మైత్రి పాటిస్తుందే తప్ప అక్కడ పదం విరగనక్కరలేదు. ఆ చోట ఎడం పెడితే తెలుగు ఛందస్సుకు లేని విరామాన్ని పుట కల్పించినట్లవుతుంది. ఛందస్సు బోధించే పుస్తకంలో యతి అక్షరాన్ని రంగుతోనో, ముద్ద అక్షరంతోనో గుర్తించవచ్చు. కావ్యప్రతిలో దాన్ని చెవికే వదలడం ఉచితం.

4.3 సీసం: పుట విన్యాసానికి అసలు పరీక్ష సీసం. సీసపాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. పాదం పొడవు వల్ల దాన్ని నాలుగు ఇంద్రగణాల భాగంగా, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాల భాగంగా విరిచి రెండు పంక్తుల్లో వేస్తారు. ప్రతి భాగానికీ తన యతి ఉంటుంది. ఆపైన తేటగీతి గాని ఆటవెలది గాని నాలుగు పాదాలు. మొత్తం 12 పంక్తులు. అన్నింటినీ ఒకే రేఖ నుండి మొదలుపెడితే పాఠకుడికి 12 సమాన పాదాలు కనిపిస్తాయి. సీసానికి ఉన్నవి నాలుగు పాదాలేనన్న సంగతి మరుగున పడుతుంది. ప్రతి పాదం రెండవ భాగాన్ని కొంత లోపలికి జరిపితే నాలుగు జంటలు రూపుకడతాయి. సీసపాదాలకు, గీతపద్యానికి మధ్య అర పంక్తి జాగా ఇస్తే నడక మారిన చోటు తెలుస్తుంది. ఆ జాగా పూర్తి పంక్తికి పెరిగితే గీతం వేరే పద్యమనిపిస్తుంది. సామీప్యం పాటించవలసింది ఇటువంటి సూక్ష్మమైన కొలతల్లోనే.

5. మూలం – వ్యాఖ్య: సామీప్యం:

వేదము వేంకటరాయశాస్త్రి ఆముక్తమాల్యదకు రచించిన సంజీవనీ వ్యాఖ్య వంటి రచనలు తెలుగులో వ్యాఖ్యానం ఎంత విస్తృతమైన ప్రక్రియో నిరూపిస్తాయి. పద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు అన్న క్రమం పాఠకులకు చిరపరిచితం. ఈ క్రమంలో పద్యం పుట అడుగున, దాని ప్రతిపదార్థం పుట తిప్పిన తరువాత వస్తే చదువరి ప్రతి పదానికీ కాగితం తిప్పవలసి వస్తుంది. విద్యార్థి ఆ శ్రమకు ఓర్వక తాత్పర్యంతో తృప్తిపడతాడు. పద్యాన్ని వదిలి తాత్పర్యాన్ని చదివే అలవాటుకు అభిరుచి లోపాన్ని మాత్రమే కారణంగా చెప్పడం న్యాయం కాదు. పుట కూడా కొంతవరకు బాధ్యత వహించాలి.

ఎడమ పుటలో మూలం, కుడి పుటలో వ్యాఖ్య ఉంచడం ఒక పరిష్కారం. అయితే ఒక్కొక్క పద్యానికి వ్యాఖ్య నిడివి ఒక్కొక్క తీరుగా ఉండటంతో ఎడమవైపు పెద్ద ఖాళీలు ఏర్పడతాయి. పద్యాన్ని, కనీసం దాని ప్రతిపదార్థాన్ని ఒకే చూపులో, అంటే తెరిచిన రెండు పుటల్లో, ఉంచి, విశేషాలను తరువాతి పుటకు సాగనివ్వడం ఆచరణకు దగ్గరైన మార్గం.

ప్రతిపదార్థాన్ని రెండు వరుసల పట్టికగా మార్చాలన్న సూచన డిజైన్ సూత్రాల దృష్ట్యా సబబుగానే తోస్తుంది. పదాలన్నీ ఒక రేఖలో, అర్థాలన్నీ మరో రేఖలో కుదురుతాయి. కాని ప్రతిపదార్థం నిఘంటువు కాదు. అది పద్యంలోని పదాలను అన్వయక్రమంలోకి తెచ్చి, కర్త, కర్మ, క్రియలను కలిపే వాక్యం. పట్టిక ఆ వాక్యాన్ని ముక్కలు చేస్తుంది. పదాన్ని మాత్రం ముద్ద అక్షరంతో చూపి, అర్థాన్ని మామూలు అక్షరాల్లో పేరాగా సాగించే పాత పద్ధతి అన్వయాన్ని కాపాడుతుంది. ఇక్కడ సంప్రదాయం సూత్రం కన్నా సూక్ష్మంగా ఆలోచించింది.

6. వ్యాఖ్యా వచనం – రెండు అంచుల సమత:

వ్యాఖ్యా వచనాన్ని కుడి, ఎడమ అంచులు రెండూ సమంగా ఉండేలా కూర్చడం ఆచారం. సంధులు, సమాసాలతో తెలుగు పదాలు పొడుగవుతాయి. పంక్తిలో పట్టని పదం మొత్తంగా కిందికి దిగితే పై పంక్తిలో మిగిలిన నాలుగైదు పదాల మధ్య పెద్ద ఎడాలు ఏర్పడతాయి. అవి వరుస పంక్తుల్లో కలిసి పుట మీద తెల్లని పాయలుగా కనిపిస్తాయి. పదాల మధ్య చాలదని అక్షరాల మధ్య కూడా జాగా పెంచితే, వత్తును విడి గుర్తుగా ఉంచే పాత తరహా ఫాంట్లలో వత్తు తన హల్లు నుండి పక్కకు జరిగే ప్రమాదం ఉంది.

పదాన్ని నియమబద్ధంగా విరవడం దీనికి మందు. సమాసంలో పదాల కూడలి వద్ద విరవడం ఉత్తమం, అక్షరాంతంలో విరవడం మధ్యమం. హల్లును వత్తు నుండి విడదీయరాదు. సున్న, విసర్గ, పొల్లు హల్లు పంక్తి మొదట పడరాదు. ఒంటి అక్షరం పంక్తి చివర మిగలరాదు. ఈ నియమాలను పాటించే వీలు లేనప్పుడు కుడి అంచును సమం చేయకుండా వదలడమే మేలు. ఎగుడుదిగుడు అంచు కన్నా ఎగుడుదిగుడు ఎడాలు చదువుకు ఎక్కువ అడ్డుపడతాయి.

7. ఖాళీ జాగా – ఖర్చు:

ఖాళీ జాగా వృథా ఖర్చు అన్న ఆక్షేపణను తేలికగా తీసివేయలేము. పుస్తకం ధర ఫారాల లెక్కన తేలుతుంది. 16 పుటల ఫారం చొప్పున 8 ఫారాల పుస్తకానికి 128 పుటలు. పుటకు 30 పంక్తులైతే మొత్తం 3,840 పంక్తులు. వాటినే పుటకు 26 చొప్పున వేస్తే 148 పుటలు కావాలి. అంటే ఒకటింపావు ఫారం అదనం. పరిమిత సంఖ్యలో అమ్ముడుపోయే కావ్యాలకు ఇది చిన్న భారం కాదు. అయితే ఈ అధ్యయనం సూచించిన సవరణల్లో చాలావాటికి అదనపు కాగితం అవసరం లేదు. మధ్యకు చేర్చడం మాని ఎడమ రేఖకు జరపడం, గుర్తును అంచులో వేలాడదీయడం, సీసంలో రెండవ భాగాన్ని లోపలికి జరపడం, పాదాంతపు అడ్డగీతను ఒకే తీరుగా వాడటం ఖర్చు లేని మార్పులు. కాగితం కోరేవి పంక్తుల మధ్య జాగా, నాలుగు పంక్తుల కందం మాత్రమే. వాటిని కూడా బోధన ప్రతులకు తప్పనిసరిగా, పరిశోధన ప్రతులకు వీలునుబట్టి పాటించవచ్చు.

8. పారదర్శకమైన పుట – పద్యం:

మంచి ముద్రణ స్ఫటిక పాత్ర వంటిదనీ, లోపలి పానీయాన్ని చూపుతూ తాను కనిపించకుండా ఉండాలనీ 1930లో బియాట్రిస్ వార్డ్ ప్రతిపాదించింది. వచనానికి ఈ ఆదర్శం చక్కగా సరిపోతుంది. పద్యం విషయంలో దాన్ని యథాతథంగా స్వీకరించలేము. పాదం, ప్రాస, గణవిభాగం అర్థాన్ని మోసే పాత్ర మాత్రమే కావు, ఆస్వాదనలో భాగం. పుట వాటిని కొంతమేరకు కనిపించనివ్వాలి. వచన కవిత ఈ సంగతిని మరో దిక్కు నుండి రుజువు చేసింది. ఛందస్సు పాదాన్ని నిర్ణయించని చోట పంక్తి విరుపే లయను నిర్ణయిస్తుంది. ఆ కవితలను పుట వెడల్పుకు తగినట్లు విరగ్గొడితే కవి నిర్ణయాన్ని తుడిచివేసినట్లే. వచన కవిత పంక్తి విరుపుకు ఇచ్చే గౌరవాన్ని పద్యపాదానికీ ఇవ్వాలనడం అత్యాశ కాదు.

9. ముగింపు:

• పదవిభజన, పాదవిభజన, ఖాళీ జాగా అర్థనిర్ణయానికి సంబంధించినవి. కనుక పుట విన్యాసం పరిష్కర్త బాధ్యతల్లో చేరాలి. పీఠికలో పాఠభేదాల పద్ధతిని వివరించినట్లే విన్యాస పద్ధతిని కూడా పేర్కొనడం అవసరం.

• నాలుగు డిజైన్ సూత్రాలు తెలుగు పద్యానికి వర్తిస్తాయి. వాటితో పాటు వచ్చిన రోమన్ లిపి కొలతలను మాత్రం తెలుగు అక్షరపు ఎత్తు, వత్తులు, పదాల పొడవు దృష్ట్యా సవరించుకోవాలి.

• పద్యాన్ని మధ్యకు చేర్చే అలవాటు ప్రాసను మరుగుపరుస్తుంది. ఎడమ సమరేఖనం, అంచులో వేలాడే గుర్తు దానికి సరళమైన ప్రత్యామ్నాయాలు.

• యతిస్థానంలో ఎడం, ప్రతిపదార్థానికి పట్టిక వంటి మార్పులు చూపుకు క్రమబద్ధంగా ఉన్నా తెలుగు ఛందస్సుకు, అన్వయానికి విరుద్ధం.

• తాళపత్రం చెవి గల పాఠకుడిని నమ్ముకున్నది. నేటి ముద్రిత పుటకు ఆ భరోసా లేదు. చెవి కోల్పోయినదాన్ని కంటికి అందించగలిగితే, పద్యాన్ని తాత్పర్యంతోనే ముగించే పాఠకుడు మూలం వద్ద మరికొంతసేపు నిలిచే అవకాశం ఉంది.